అంతరాత్మకు భరణము

సిద్ధాంతముకొఱకు కొలువు విడిచినవానిని లోకము పొగడును. ఆ రాత్రి వాని యింట పొయ్యి రాజినదా యని మాత్రము అడుగదు. ఇంగ్లండు దేశపు అధికారమతసంస్థ 1993లో ఈ రెండవ ప్రశ్నను అడిగి, దానికి చట్టరూపమున సమాధానము చెప్పినది. స్త్రీలకు గురుపట్టమిచ్చుట తమ విశ్వాసమునకు విరుద్ధమని తలచి కొలువు విడిచిపోవు గురువులకు ఆ సంస్థయే కొంతకాలము జీవనభృతి నియ్యవలెనని ఆ చట్టము శాసించెను. తన నిర్ణయమును త్రోసిపుచ్చి వెడలిపోవువానికి దారిబత్తెము కట్టియిచ్చిన సంస్థలు చరిత్రలో అరుదు. ఇది మెచ్చదగిన పనియా, మందలింపదగిన పనియా యను విచారము మన పఠనమందిరములలో కూర్చుండువారికి దూరపుమాటగా తోపవచ్చును. కాని జీతమునకును మనస్సాక్షికిని గల పోరు ఏ దేశమున లేదు?

పూర్వకథ కొంత చెప్పవలసియున్నది. మన దేశమున ఆంగ్లికను మిషనని పేరొందిన దానికి మూలమైనది ఈ ఇంగ్లండు సంఘము. ఆ దేశపు సింహాసనమే దానికి లౌకికాధిపత్యము వహించును. దాని చట్టములు పార్లమెంటు ఆమోదమును పొందవలెను. దాని సినడునందు మూడు సభలు కలవు: బిషప్పులది యొకటి, గురువులది యొకటి, సామాన్యసంఘస్థులది యొకటి. స్త్రీలకు గురుపట్టమిచ్చు ప్రస్తావము 1992 నవంబరు 11వ తేదీన తుదినిర్ణయమునకు వచ్చెను. మూడు సభలయందును వేర్వేరుగ మూడింట రెండువంతుల సమ్మతి కావలెను. బిషప్పులలో 39 మంది ఔననిరి, 13 మంది కాదనిరి. గురువులలో ఔనన్నవారు 176, కాదన్నవారు 74. సంఘస్థులలో 169 మందియు 82 మందియు. ఈ కడపటి సభలో ఇద్దఱు మనసు మార్చుకొనియున్నచో ప్రస్తావము వీగిపోయెడిది. మఱుసటి యేడు పార్లమెంటు అంగీకరించెను. 1993 నవంబరు 5వ తేదీన రాజాంగీకారము లభించెను. 1994 మార్చి 12వ తేదీన బ్రిస్టలు పెద్దగుడిలో 32 మంది స్త్రీలు మొట్టమొదట గురుపట్టము నందిరి. ఆ యేడాదిలోనే వారి సంఖ్య వేయి దాటెను.

రాజాంగీకారము నందినది ఒక్క చట్టము కాదు, రెండు. మొదటిది స్త్రీలకు ద్వారము తెఱచినది. రెండవది ఆ ద్వారము తెఱచినందున బయటికి పోదలచినవారికి ఖర్చు ఏర్పఱచినది. రెండును కవలలవలె ఒకేదినమున పుట్టినవి. రెండవది లేనిచో మొదటిది పుట్టియుండెడిదా యనుట సందేహమే. విరోధులకు ఎట్టి రక్షణలు కల్పించితిరని పార్లమెంటులోని మతవిషయకసంఘము గట్టిగ ప్రశ్నించిన సంగతి ఎల్లరెఱుగుదురు.

విరోధుల వాదమును ఇచ్చట పరిహసించుట మా యుద్దేశము కాదు. మేము స్త్రీలపక్షమువారము, ఆ మాట ముందే చెప్పుట మర్యాద. అయినను వారి వాదము కేవలము స్త్రీద్వేషమని త్రోసివేయుట న్యాయము కాదు. క్రీస్తు ఎన్నుకొన్న అపొస్తలులు పురుషులే యనియు, రోమను సంఘమును ప్రాచ్య సంఘములును అంగీకరింపని మార్పును ఒక దేశపు సినడు మాత్రము తనంతట చేయజాలదనియు, పట్టము చెల్లనిచో ఆ చేతులమీదుగ జరిగిన ప్రభుభోజనసంస్కారమును చెల్లదనియు వారి నమ్మకము. నమ్మినవానికి ఇది చిన్నవిషయము కాదు. ఆదివారమునాడు బల్లయొద్ద మోకరించిన ముసలిదానికి తాను ఇచ్చునది నిజమైన ప్రసాదమా, వట్టి రొట్టెయా యను శంక గురువునకు కలిగినచో ఆతడు మఱునాడు ఆ పీఠమెక్కలేడు.

ఎక్కనిచో ఏమి పోవును? ఇచ్చటనే అసలు విషయమున్నది. మన గ్రామములలో అర్చకునికి దేవునిమాన్యమెట్టిదో పాఠకులకు తెలియును. అర్చకత్వమున్నంతవఱకు ఆ పొలము తనది, ఆ యిల్లు తనది. అర్చకత్వము పోయిననాడు పొలముగట్టున నిలుచుటకును హక్కు లేదు. ఇంగ్లండు గురువుని స్థితియు ఇంచుమించు నట్టిదే. ఆతడు కాపురముండు బంగళా పదవికి చెందినది. కొలువునకు రాజీనామా యిచ్చిన దినముననే తలపైని కప్పు పోవును. నెలజీతము పోవును. భార్య ఆ యూరి బడిలో పంతులమ్మయైనచో ఆ యుద్యోగమును కదలును. పిల్లల చదువు కదలును. ఏబదియేండ్లు నిండినవాడు, పాతికేండ్లు ప్రసంగములు చెప్పి, శవసంస్కారములు జరిపి, రోగులను పరామర్శించినవాడు, ఏ కొట్టులో గుమాస్తాగ చేరగలడు? సొంతయిల్లు కొనుటకు చిన్నజీతమున ఏమి కూడబెట్టియుండును?

దీనికి ప్రతిగ ఇంకొక దృశ్యము చూడుడు. అప్పటి మంత్రివర్గమున నున్న ఆన్ విడికూంబు గారు 1993లోను, జాన్ గమ్మరు గారు 1994లోను ఈ కారణముననే ఇంగ్లండు సంఘము విడిచి రోమను కతోలికసంఘమున చేరిరి. వారి విశ్వాసమును మేము శంకింపము. కాని వారి పార్లమెంటు స్థానములు పోలేదు, మంత్రిపదవులు పోలేదు, ఇండ్లు పోలేదు. సామాన్యుడు గుడి మారినచో నడచు వీధి మాత్రము మారును. గురువు గుడి మారినచో బ్రతుకంతయు మారును. ఒకే విశ్వాసమునకు ఇరువురు చెల్లించు వెల ఇంత భిన్నముగ నున్నప్పుడు, ఎక్కువ వెల చెల్లించువానికి కొంత చేయూత నిచ్చుట పక్షపాతమనిపించుకొనదు.

చట్టములోని యేర్పాటు సరళమైనది. కనీసము ఐదేండ్లు సంఘముకొలువున నున్న గురువు, స్త్రీలకు గురుపట్టమిచ్చుటకు తాను వ్యతిరేకి కానిచో కొలువు విడిచియుండనని వ్రాతమూలమున ప్రకటింపవలెను. కొత్తనిబంధన 1994 ఫిబ్రవరి 22వ తేదీన అమలులోనికి వచ్చెను. అది మొదలు పదియేండ్లలోపల రాజీనామా యియ్యవలెను. అట్టివానికి స్థలము మారి స్థిరపడుటకు ఒక మొత్తమును, నియమితకాలమువఱకు వాయిదాలమీద భృతియు లభించును. ఇంటివసతి విషయమునను, వేఱువృత్తి నేర్చుకొనుట విషయమునను సహాయము పొందవచ్చును. మాకు మిక్కిలి నచ్చినది ఆ ప్రకటన. గురువు మనసులోనికి దూరి పరీక్షించుటకు ఏ న్యాయాధికారియు నియమింపబడలేదు. నీ మాటయే సాక్ష్యమనిరి. అబద్ధమాడిన వాడొకడో ఇద్దఱో ఉండియుందురు; వారికొఱకు మిగిలిన అందఱిని బోనెక్కించుట కంటె ఆ నష్టమును భరించుటయే ఘనత.

ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది: వీరినెవరు వెడలగొట్టిరి? స్త్రీ గురువు వద్దని తీర్మానించుకొనుటకు ప్రతి స్థానికసంఘమునకును అదే చట్టము హక్కునిచ్చినది. స్త్రీలకు పట్టమియ్యని బిషప్పుల పర్యవేక్షణమును కోరుకొనుటకు 1993లోనే సినడు వేఱొక శాసనము చేసినది. ఊరూర సంచరించు ఆ బిషప్పులకు జనము ఎగిరెడి బిషప్పులని పేరుపెట్టిరి. ఉండుటకు గది యిచ్చి, పోవుటకు బండియు కట్టియిచ్చుట ఎందులకని ప్రశ్న. ప్రశ్న బాగుగనే యున్నది. కాని గది యిచ్చినంతమాత్రమున ఆ యిల్లు తనదని యెల్లరకును తోపదు. తన గుడిలో స్త్రీ గురువు లేకపోవచ్చును; తన సంఘము మొత్తము మీద తాను నమ్మిన సంఘము కాదని తలచువానికి తన గుడి ఒక్కటి మిగిలియుండుట ఊరట కాదు.

రెండవ ఆక్షేపణ ఇంకను కటువైనది. త్యాగమునకు పింఛను కట్టినచో అది త్యాగమెట్లగును? హుతాత్మలకు భత్యమెక్కడిది? ఇది వినుటకు వీరోచితముగ నుండును. అనువారు సామాన్యముగ జీతము వచ్చు కుర్చీలో కూర్చుండియే యందురు. త్యాగముయొక్క శుద్ధిని కాపాడుటకై ఎదుటివాని బిడ్డలను పస్తుంచుట ఏ శాస్త్రము? మఱియు భృతి లేనిచో జరుగునది త్యాగము కాదు, కపటము. నూర్గురిలో పదుగురు వీరులు వెడలుదురు; తొంబదిమంది నమ్మకములేని పీఠమున కూర్చుండి, నెలతిరుగగనే జీతము తీసికొని, లోలోన కుములుచు, తమ క్రింద పనిచేయు స్త్రీని సాధించుచు కాలము గడపుదురు. అట్టివానిని పట్టియుంచుట సంఘమునకు లాభమా?

ఆ దేశచరిత్రయే దీనికి సాక్షి. 1662లో రాజు చార్లెసు కాలమున ఏకరూపచట్టము చేసి, ప్రార్థనపుస్తకము నంగీకరింపని గురువులు ఆగస్టు 24వ తేదీలోపల తొలగవలెననిరి. ఆ తేదీని చూడుడు. సెప్టెంబరు చివర మైకెల్మసు పండుగకు సంవత్సరపు దశమభాగములు వసూలగును. నెలదినములు ఆగియున్నచో ఏడాదిపొడుగున పనిచేసిన కూలి చేతికి వచ్చియుండెడిది. 1660 మొదలు ఆ రెండేండ్లలో స్థానభ్రష్టులైనవారు ఇంచుమించు రెండువేలమంది. అంతటితో పోలేదు. 1665లో ఇంకొక చట్టము చేసి, తాము పూర్వము బోధించిన యూళ్లకు ఐదుమైళ్లలోపల వారు నివసింపరాదనిరి. బడి పెట్టుకొని నాలుగక్షరములు చెప్పుకొని బ్రతుకుదమన్నను వీలులేకుండ చేసిరి. అంతరాత్మను శిక్షించుటకు కడుపు ఎంత సులువైన దారియో ఆనాటి ప్రభువులకు బాగుగ తెలియును.

స్కాట్లండున 1843 మే 18వ తేదీన ఇంకొక ఘట్టము జరిగెను. సంఘమునకు గురువును నియమించు హక్కు భూస్వామిది కాదు, సంఘస్థులదని వాదించి, ఎడింబరో నగరమున జరుగుచున్న మహాసభనుండి గురువులు లేచి బయటికి నడచిరి. మొత్తము పండ్రెండువందల గురువులలో నాలుగువందల ఏబదికి పైగా జీతములను, బంగళాలను వదలుకొనిరి. వారి నాయకుడు టామసు చామర్సు వట్టి వక్త కాడు, లెక్కలు తెలిసినవాడు. వెడలక మునుపే పోషణనిధికి ప్రయత్నము మొదలుపెట్టెను. ధనికసంఘములు ఇచ్చినదియు దరిద్రసంఘములు ఇచ్చినదియు ఒక్కచోట చేర్చి గురువులందఱకు సమభాగము పంచునట్లు ఏర్పఱచెను. గుడి కట్టుకొనుటకు భూస్వాములు జాగా నియ్యనిచోట్ల ఆ జనులు ఆరుబయలున ప్రార్థించిరి. స్ట్రాంటియను అనుచోట నీటిమీద తేలు గుడినే కట్టుకొనిరి. ఈ కథను చెప్పువారందఱు ఆ నడకను, ఆ తేలెడి గుడిని వర్ణింతురు. చామర్సు లెక్కలపుస్తకము నెవరును వర్ణింపరు. ఆ పుస్తకము లేనిచో ఆ నడక ఎంతదూరము సాగెడిది?

మన సీమకు కూడ ఈ కథలో భాగము కలదు. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ఇతరులు కలిసి దక్షిణ ఇండియా సంఘముగ నేర్పడినప్పుడు, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పలువురు ఆ యైక్యమున చేరమనిరి. బిషప్పుల పరంపరవిషయమున వారికి కలిగిన సంకోచములే ఇంగ్లండులోను కొందఱకు కలిగినవి. జీతములిచ్చు మిషను సంఘపు ధనము చేరినవారికి చెందునా, చేరనివారికి చెందునా యను చర్చ లండనులో సాగుచుండగా, ఇచ్చట రాయలసీమ పల్లెలలో ఉపదేశకులు నెలజీతముకొఱకు ఎదురుచూచుచుండిరి. సముద్రమునకు ఆవలనున్నవారి మనస్సాక్షి ఈవలివాని కంచమువఱకు వచ్చునని ఆనాడు నంద్యాలవారికి ఒకరు చెప్పనక్కఱలేకపోయెను. కాలాంతరమున వారును దక్షిణ ఇండియా సంఘమునందే చేరిరి. ఆ నంద్యాల పీఠముననే 2013 సెప్టెంబరు 30వ తేదీన పుష్పలలిత గారు బిషప్పుగా అభిషిక్తులైరి. ఇంగ్లండు సంఘమున లిబ్బీ లేను గారు మొదటి స్త్రీబిషప్పగుట అటుపిమ్మట 2015 జనవరి 26వ తేదీన. నంద్యాల యార్కుకంటె పదునాఱునెలలు ముందు నడచినది.

ఇక డబ్బు ఎక్కడినుండి వచ్చినది? సంఘపు స్థిరాస్తులను చూచుకొను కమిషనర్ల నిధినుండి. వెనుకటి రెండు సంస్థలను కలిపి 1948లో ఏర్పఱచిన ఈ కమిషను, బీదగురువుల జీతములకు, పింఛనులకు ఆధారము. ఈ భృతిచట్టము పుట్టిన కాలముననే, భవనముల వ్యాపారమున దిగి ఆ కమిషను ఆస్తి విలువ ఇంచుమించు ఎనుబదికోట్ల పౌండ్లు క్షీణించెనని 1992లో బయటపడెను. జీతములభారము క్రమముగ స్థానికసంఘములమీద పడజొచ్చెను. వెడలిపోవు గురువులకు ఇచ్చిన మొత్తము కడకు రెండుకోట్ల పౌండ్లు దాటెను. రెండుకోట్లు తక్కువ సొమ్మని మేమనము. కాని మనస్సాక్షికై ఇచ్చినదానిని దుబారాయని దెప్పువారు, దుకాణములమీదను కచ్చేరీకట్టడములమీదను పోగొట్టిన దానిని కూడ ప్రక్కన వ్రాసి చూపుట న్యాయము.

ఇంతవఱకు ఆ చట్టమును సమర్థించితిమి. ఇక దానిలోని లోపమును చెప్పవలెను. ఆ లోపము చట్టములో వ్రాసినదానియందు లేదు, వ్రాయనిదానియందున్నది.

1862లోనే ఇంగ్లండు సంఘము స్త్రీలను పరిచారికలుగ స్వీకరించెను. అప్పటినుండి నూటముప్పదియేండ్లు వారు మురికివాడలలో రోగులకు సేవచేసిరి, పిల్లలకు చదువు చెప్పిరి, ప్రసవములయొద్ద నిలిచిరి. 1944లో చీనాదేశమున, జపాను యుద్ధమువలన మకావు రేవునకు ఏ గురువును పోలేని సమయమున, హాంకాంగు బిషప్పు ఫ్లారెన్సు లీ టిమ్-ఓయి అను పరిచారికకు గురుపట్టము నిచ్చెను. యుద్ధము ముగియగనే పెద్దలు కనుబొమలు ముడిచిరి. తన బిషప్పునకు చిక్కు కలుగకుండ 1946లో ఆమె తన యధికారపత్రమును విడిచిపెట్టెను. అటుపిమ్మట కమ్యూనిస్టు చీనాలో పొలములయందును కార్ఖానాలయందును కష్టించి, కడపట కెనడా చేరి, 1992 ఫిబ్రవరిలో మరణించెను. సినడు ఔననుటకు అప్పటికి తొమ్మిదినెలలు కూడ లేవు.

స్త్రీల పట్టమునకు మూలసిద్ధాంతమున ఏ యాటంకమును లేదని సినడు 1975లోనే తీర్మానించినది. ఆటంకము లేదన్న మూడేండ్లకు, ద్వారము తెఱవుదమన్నప్పుడు, 1978లో గురువులసభ కాదన్నది. 1987లో స్త్రీలకు డీకను పట్టము మాత్రము లభించెను. డీకను బాప్తిస్మమియ్యవచ్చును, ప్రసంగింపవచ్చును, శవమును సమాధి చేయవచ్చును. ప్రభుభోజనమునకు రొట్టెను, ద్రాక్షారసమును ప్రతిష్ఠింపరాదు. కావున వారమంతయు సంఘమును మోసిన స్త్రీ, ఆదివారమునాడు పొరుగూరినుండి ఒక పురుషుని బ్రతిమాలి రప్పించుకొని, ఆతడు బల్లయొద్ద నిలువగా తాను ప్రక్కన నిలువవలెను. ఏండ్లతరబడి జరిగిన తంతు ఇది.

ఈ వేచియున్న సంవత్సరములకు ఎవరు ఖరీదు కట్టిరి? 1975లో నలుబదియేండ్ల వయస్సున నున్న స్త్రీ 1994 నాటికి ఏబదితొమ్మిదేండ్లది. పందొమ్మిదేండ్ల పదవి, ఆ పదవిలో రాదగిన పెంపు, పెద్దసంఘముల బాధ్యత, ఇవి ఏవియు ఆమెకు రాలేదు. రాజీనామా యిచ్చిన పురుషునివలె ఆమెయు అంతరాత్మననుసరించియే నడచినది. భేదమేమనగా ఆమె అంతరాత్మ ఆమెను ఉండుమన్నది. ఉండుమన్న అంతరాత్మకు చట్టమున పద్దు లేదు. 1994 తరువాతను, స్త్రీ గురువు వద్దని తీర్మానించుకొన్న సంఘములు ఆమె దరఖాస్తును చూడకయే త్రిప్పిపంపగలవు. అందుకును ఆమెకు నష్టపరిహారము లేదు. మన ధర్మశాస్త్రములలో విడువబడిన భార్యకు భరణమున్నది. ఇచ్చట విడిచిపోవు పురుషునకు భరణమును, విడువక కనిపెట్టుకొనియున్న స్త్రీకి స్తోత్రపాఠమును లభించినవి. బ్రిస్టలులో ఆనాడు మ్రోగిన గంటలను మేము తక్కువచేయము. గంటలు పింఛనులెక్కలోనికి రావు.

దీనివలన గురువులకిచ్చిన భృతి తప్పని యెవరైన తేల్చినచో మేము ఒప్పుకొనము. ఒకరికి వడ్డించి వేఱొకరి విస్తరిని మఱచినప్పుడు, వడ్డించినదానిని వెనుకకు తీయుట పరిష్కారమగునా? రెండవ విస్తరి వేయవలసియుండెను; వేయలేదు.

ఆ పదియేండ్లలో ఏమి జరిగినది? వేలకొలది గురువులు లేచిపోవుదురని భయపెట్టినవారు కలరు. భృతి తీసికొని వెడలినవారు నాలుగువందలకు కొంచెము పైగా. వారిలో చాలమంది రోమను సంఘమున చేరిరి. కొందఱు ప్రాచ్యసంఘములందు చేరిరి. కొందఱు కొంతకాలమునకు మరలివచ్చిరి కూడ. పోయినవారు గొంతెత్తి శపింపలేదు. ఉన్నవారు వారిని తఱుమలేదు. 1665నాటి ఐదుమైళ్ల చట్టమును తలచుకొన్నచో ఈ నిశ్శబ్దముయొక్క విలువ తెలియును. రెండుకోట్ల పౌండ్లకు ఇంగ్లండు సంఘము ఆ నిశ్శబ్దమును కొనెనని ఎవరైన వెక్కిరించినను వెక్కిరింపవచ్చును. చౌకగనే దొరకెనని మా యభిప్రాయము.

చట్టప్రకారము ఇయ్యనిచో ఏమగునో తెలిసికొనుటకు తరువాతికథ చూడవలెను. పదియేండ్ల గడువు 2004లో ముగిసెను. 2009లో పోపు బెనెడిక్టు ఆంగ్లికనులు తమ పద్ధతులు కొన్ని నిలుపుకొని రోమను సంఘమున చేరుటకు వీలు కల్పించెను. 2011 జనవరిలో ఇంగ్లండున అట్టి ప్రత్యేకమండలి ఏర్పడెను. మాజీబిషప్పులు ముగ్గురు అందఱికంటె ముందు అందు చేరిరి. వారి వెనుక పోవు గురువులకు భృతి యేది? రోమను సంఘమునకు మాఱిన గురువులను ఆదుకొనుటకు 1896లో పుట్టిన ధర్మసంస్థ యొకటి కలదు. కాని దాని చేయి చిన్నది. ఇంతలో ఆంగ్లికనులలోని యొక పాత ప్రభుభోజనభక్తసమాజము, తన నిధిలో సగమునకు మించిన పదిలక్షల పౌండ్లను ఈ కొత్తమండలికి దానమిచ్చెను. ఆ ధర్మకర్తలలో పెక్కుమంది ఆ మండలిలో చేరినవారే. ఇది చెల్లదని ప్రభుత్వపు ధర్మసంస్థలశాఖ 2012లో తేల్చెను. సొమ్ము తిరిగి యియ్యవలసివచ్చెను. దాతలు ఆంగ్లికను పూజలకని యిచ్చిన ద్రవ్యమును వేఱొక సంఘమునకు త్రిప్పుట తప్పే. కాని ఆ తప్పు ఎక్కడ పుట్టినదో గమనింపవలెను. 1993లో బాహాటముగ, లెక్కప్రకారము, అందఱి సమ్మతితో జరిగిన పని, 2010 ప్రాంతమున చాటుమాటున జరుగవలసిన పని యయ్యెను.

పిమ్మట బిషప్పుపదవి విషయము వచ్చెను. స్త్రీలను బిషప్పులను చేయు ప్రస్తావము 2012 నవంబరులో సంఘస్థులసభలో ఆఱు వోట్ల కొఱతచే వీగి, 2014లో నెగ్గెను. ఈసారి భృతిచట్టము లేదు. దానికి సమర్థన లేకపోలేదు. 1994 తరువాత పట్టమునందినవాడు స్త్రీలకు ద్వారము తెఱచియున్నదని ఎఱిగియే లోపలికి వచ్చినాడు. నేడో రేపో బిషప్పుపీఠమునకును ఆ దారియే యని ఆతడు గ్రహించియుండవలెను. ఎఱిగి చేసిన ఒప్పందమునకు నష్టపరిహారము లేదనుట న్యాయమే. ఆతనియెడల మాకును ఫిర్యాదు లేదు.

కాని 1994కు పూర్వము పట్టమునంది, అప్పుడు పోవక నిలిచినవాని సంగతి వేఱు. ఎగిరెడి బిషప్పుల నేర్పఱచిన 1993నాటి శాసనమును నమ్మి ఆతడు నిలిచెను. మీకును ఈ సంఘమున గౌరవస్థానమున్నదన్న మాటను పట్టుకొని, చేతికందుచున్న భృతిని కాదని నిలిచెను. 2014లో ఆ శాసనమునే రద్దుచేసిరి. దానిస్థానమున బిషప్పుల ప్రకటనయొకటి వచ్చినది, ఫిర్యాదులు వినుటకు స్వతంత్రపరిశీలకుడు వచ్చినాడు, ఎగిరెడి బిషప్పులును మిగిలిరి, నిజమే. అయినను శాసనమని చెప్పి నిలిపినవానికి ప్రకటనను చూపుట ఒకటి కాదు. గడువులోపల నిన్ను నమ్మక పోయినవానికి బత్తెము దొరకినది. గడువుదాటువఱకు నిన్ను నమ్మినవానికి ఏమియు లేదు. ఈ ఒక్కతరమువారికైనను పాతద్వారమును మరల తెఱచియుండవలసినది.

ఆ తరము ఇప్పుడు కరగిపోవుచున్నది. 1993లో ముప్పదియేండ్ల వయస్సున పట్టమునందినవాడు నేడు అఱువది దాటినాడు. 1987లో డీకను పట్టముతో సరిపెట్టుకొన్న స్త్రీలు అంతకంటె పెద్దవారు. 2025 అక్టోబరులో, పూర్వము ఇంగ్లండు నర్సులకు ప్రధానాధికారిణిగను, పిమ్మట లండను బిషప్పుగను పనిచేసిన సారా ములల్లీ గారు కాంటర్బరీ ఆర్చిబిషప్పు పదవికి నియమితులైనట్లు ప్రకటించిరి. ఆ పీఠమునకు స్త్రీ రావడము ఇదియే ప్రథమము. ఆ ప్రకటన విని, ఇక ఇచ్చట నేనుండలేననుకొన్న ముసలిగురువు ఏదో యొక యూరిలో నుండకపోడు. అదేయూరిలో, తన యౌవనమంతయు పొరుగూరి గురువును బ్రతిమాలుకొని గడపిన ముసలిపరిచారికయు నుండకపోదు. ఇరువురును ఉండునవి సంఘపు ఇండ్లే. ఇరువురి లెక్కయు మిగిలియే యున్నది. చెల్లింపదలచినచో ఇప్పుడది పెద్దమొత్తము కాదు.